అడుగుల అరిసెలు

"ఒక్క మాట చెప్పండి అత్తయ్యా. పాప నడిచిందా, నడవలేదా?"

వెంకటేశ్వరమ్మ తలెత్తలేదు. పెరట్లో పంపు దగ్గర పీట వేసుకుని బూరెలమూకుడు తోముతోంది. మూకుడు ఎప్పుడో తెల్లబడింది. అయినా తోమిన చోటే మళ్ళీ తోముతోంది.

"అడిగేది మిమ్మల్నే."

"ముందు చేతులు కడుక్కో," అంది వెంకటేశ్వరమ్మ. "కల్లంలోంచి అట్టాగే వచ్చావు. ఆ కారం చేతుల్తో పిల్లని ముట్టుకుంటావా ఏంది?"

రమ్య చేతులు కడుక్కోలేదు. పిల్లని ముట్టుకోనూ లేదు. వసారాలో చాప మీద తేజు కూర్చుని ఉంది. పొద్దున రమ్య కల్లానికి పోయేటప్పుడు కూర్చున్నట్టే ఉంది. తల్లిని చూసి నోరారా నవ్వింది, రెండు చేతులూ చాపింది. లేవలేదు. లేచే పిల్లయితే ఈ గొడవంతా ఎందుకు?

మధ్యాహ్నం మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే పక్క కల్లం శివపార్వతి స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. "నోరు తెరువు," అంది. రమ్య చేతులు కారంతో మండుతున్నాయని తనే తుంచి నోట్లో పెట్టింది. పాకం బాగా కుదిరిన అరిసె, పైన నువ్వులు అద్దింది. "ఏంటక్కా విశేషం?" అంటే, "నీ కూతురి అడుగుల అరిసెలే. మీ అత్త పొద్దున్నే వీధంతా పంచింది," అంది శివపార్వతి.

అంతే. రమ్యకి ఇంకేమీ వినపడలేదు. రెండో ఏడు సగం దాటినా నిలబడని పిల్ల. వినుకొండ డాక్టరు కాళ్ళు పట్టి చూసి, కండరాలకి పట్టు తక్కువగా ఉంది, ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్ళమన్న పిల్ల. ఆ పిల్ల నడిచిందట!

చేతులు చీర కొంగుకి తుడుచుకుని నాగేంద్రకి ఫోన్ చేసింది. మగడు మిర్చి యార్డులో ఉన్నాడు. "ఏమండీ, పొద్దున పాప నడిచింది. అత్తయ్య అరిసెలు కూడా పంచింది," అంది. "అవునా! ఎట్టా నడిచింది? నువ్వు చూశావా?" అని అతను అరిచాడు. వెనక హమాలీల కేకలు. "చూశా," అంది రమ్య. అలా ఎందుకు అందో ఆమెకే తెలియదు. "గోడ పట్టుకుని లేచిందండీ. కాసేపు ఆగింది. గోడ వదిలేసి నా వైపు వచ్చింది, నవ్వుకుంటా వచ్చింది," అని కళ్ళముందు జరిగినట్టే చెప్పింది. చెబుతుంటే నిజంగానే కనిపించింది కూడా. ఏడ్చేసింది.

ఫోన్ పెట్టేసి పత్తిచేల గట్ల మీదుగా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

వచ్చి చూస్తే ఇదీ సంగతి.

"ఎందుకు పంచారు?" అని అడిగింది ఇప్పుడు.

"అడుగులకి అరిసెలు పంచరా? నువ్వెక్కడ పుట్టావే?"

"అడుగులేస్తే పంచుతారు."

"వేయించాను." వెంకటేశ్వరమ్మ మూకుడు బోర్లించింది. "నువ్వు కల్లానికి పోయాక వండి, చంకల కింద చేతులు పెట్టి పట్టుకుని, పళ్ళెంలో అరిసెల మీద పాదాలు ఆనించాను. ఒకటి, తర్వాత ఇంకోటి. అందరి ఇళ్ళల్లోనూ అట్టాగే చేస్తారు. నీ మొగుడికీ అట్టాగే చేశాను."

"ఆయన అప్పటికే నడుస్తున్నారు కదండీ."

"రేపో మాపో ఇదీ నడిచేదే కదా! నాలుగు రోజులు ముందు పంచితే ఏం కొంప మునిగింది? మనం శుభమని పంచితే ఆ శుభం రాదా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. పైగా కాస్త ఆశ కూడా ఉంది. అదే రమ్యకి భరించరానిదిగా తోచింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

తేజు బోర్లా పడ్డ రోజు ఇదే ఆవిడ బొబ్బట్లు చేసింది. నెయ్యి కారేలా చేసి, ఊరంతా పిలిచి పెట్టింది. రమ్య పుట్టింటివాళ్ళు వెండి మొలతాడు తెచ్చారు. నాగేంద్ర పిల్ల బోర్లా పడ్డం వీడియో తీసి కనపడ్డ వాళ్ళందరికీ చూపించాడు. ఆ తర్వాత తోటి పిల్లలు పాకారు, నిలబడ్డారు, గడపలు దాటారు. వాళ్ళ ఇళ్ళనుంచి పళ్ళేలు వచ్చాయి. ఈ ఇంట్లో మళ్ళీ మూకుడు పొయ్యి ఎక్కలేదు. వచ్చిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని వెంకటేశ్వరమ్మ ప్రతిసారీ చారెడు పంచదార పోసి పంపేది. పోసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆ సంగతి రమ్యకి తెలుసు. పొద్దునా సాయంత్రం ఆవిడ పిల్ల కాళ్ళకి నువ్వులనూనె రాసి మర్దన చేయడం కూడా తెలుసు. తెలిసినా ఏం లాభం?

"రేపు గుంటూరు బ్రాడీపేట వెళ్ళాలి," అంది రమ్య. "మర్చిపోయారా? డాక్టరుగారి దగ్గర టైం తీసుకున్నాం."

"మర్చిపోలేదు. అందుకే చెప్తన్నా. రేపు వద్దు."

"ఏంటి?"

"రేపు వద్దంటన్నా. ఇయ్యాల అరిసెలు తిన్న వీధి ఇది. రేపు పొద్దున్నే పిల్లని చంకనేసుకుని బస్సెక్కితే ఎక్కడికి అని అడగరా? నడిచిన పిల్లని కాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతన్నామని చెప్తావా?"

రమ్య ఆవిడ వైపు చూస్తూ నిలబడింది. ఈ అబద్ధం ఎందుకు పుట్టిందో ఇంకా అర్థం కాలేదు.

"ఆదివారం మార్టూరు వాళ్ళొస్తన్నారు," అంది వెంకటేశ్వరమ్మ గొంతు తగ్గించి. "పెద్ద కొంప. గ్రానైటు పాలిష్ యూనిట్లు రెండున్నాయి వాళ్ళకి. మన చిన్నోడు నచ్చాడు. ఇంటిని చూసిపోదామని వస్తన్నారు. ఆ ఇంట్లో పెద్దకోడలి పిల్లకి కాళ్ళు రాలేదంట అని ఎవరన్నా ఒక్కళ్ళు చెవినేశారనుకో, రేపు మా పిల్లకి పుట్టేవాళ్ళకీ అంతేనేమో అని జడుసుకోరా? నేనైనా జడుసుకుంటా. నీ మరిది పెళ్ళి నీకక్కర్లేదా?"

"పాప కాళ్ళు అక్కర్లేదా మీకు?"

"ఆదివారం దాటనీ. ఎవరు కాదన్నారు?"

"ఆ డాక్టరుగారు హైదరాబాదు నుంచి వస్తారత్తయ్యా. రేపు తప్పితే మళ్ళీ వచ్చే నెలే. ఆలస్యం చేయొద్దని వినుకొండలో చెప్పారు. మీరూ విన్నారు."

వెంకటేశ్వరమ్మ లేచి, మూకుడు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రమ్య పంపు కింద చేతులు పెట్టింది. ఏడుపు రావాలి. రాలేదు. మిరపకాయలు ఏరేటప్పుడు మొదట చేతులు మండుతాయి, సాయంత్రానికి ఆ మంట కూడా తెలియకుండా మొద్దుబారిపోతాయి. లోపలంతా అలాగే ఉంది. కూతురు తన వైపు చేతులు చాపి "మ్మా, మ్మా" అంటుంటే, ఆ పిలుపు పక్కింటి నుంచి వినపడుతున్నట్టు ఉంది.

ఆ రోజంతటిలోనూ ఆమె సంతోషంగా ఉన్నది పత్తిచేల గట్ల మీద మాత్రమే. ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గేసింది.

*

పొద్దు గూకే వేళకి నాగేంద్ర వచ్చాడు.

వాకిట్లో బండి ఆగుతూనే అరుపు. "ఏదీ? ఏదమ్మా నా తల్లి? ఎక్కడికి నడిచిపోయింది?"

వెంకటేశ్వరమ్మ వంటింట్లోంచి గబగబా బయటికి వచ్చింది. వచ్చి కోడలి వైపు చూసింది. చెప్పకే అని ఆ చూపు. రమ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చెప్పాలని గాని, దాచాలని గాని ఆమెకి లేదు. తన కడుపున పుట్టిన పిల్ల గురించి ఇంట్లోవాళ్ళు ఏదో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు ఉంది, అంతే.

నాగేంద్ర ఒంటినిండా మిర్చి ఘాటు. దూరం నుంచే తుమ్ములు వస్తున్నాయి. పంపు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగాడు, చొక్కా విప్పి తీగ మీద పడేశాడు, మళ్ళీ కడిగాడు. పిల్ల దగ్గరికి వెళ్ళేముందు రోజూ అంతే. అప్పుడు బండికి తగిలించిన కవరు తెచ్చి వసారాలో చతికిలబడ్డాడు.

"చూడు నీకేం తెచ్చానో."

బూట్లు. అడుగేస్తే కీచుమనే చిన్న ఎర్ర బూట్లు. గుంటూరులో కొన్నాడు, ఊళ్ళో పిల్లలందరూ వేసుకు తిరిగేవే. తేజు ఒక బూటు తీసుకుని నేలకేసి కొట్టింది. కీచుమంది. పిల్ల ఉలిక్కిపడి తండ్రి మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. మళ్ళీ కొట్టింది.

"చేత్తో కాదే పిచ్చిమొద్దూ, కాలికి!" నాగేంద్ర కూడా నవ్వుతున్నాడు. "తెలుసా రమ్యా, నువ్వు ఫోన్ చేసినప్పుడు కాటా దగ్గర ఉన్నా. మన మిర్చి టిక్కీలు తూస్తన్నారు. నేనేం వింటాను? హమాలీలందరికీ టీలు చెప్పా. 'బాబుగారికి రేటు బాగా పలికిందా' అంటాడొకడు. రేటు ఎవడిక్కావాలిరా, నా కూతురు నడిచింది అన్నా."

"బాబూ, స్నానం చెయ్యి ముందు. నీళ్ళు కాగుతున్నాయి," అంది వెంకటేశ్వరమ్మ.

"ఆగమ్మా."

అతను పిల్ల కాళ్ళకి బూట్లు తొడిగాడు. మునివేళ్ళు లోపల ముడుచుకుపోతే ఓపిగ్గా ఒక్కొక్కటే సరిచేశాడు. పిల్లని ఎత్తి స్తంభం పక్కన నిలబెట్టాడు. తను రెండు బారలు వెనక్కి జరిగి చేతులు చాపాలని, పిల్ల కీచు కీచుమంటూ వచ్చి ఒళ్ళో పడాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చి ఉంటాడు. అతని మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"వచ్చెయ్యి మరి. నాన్న దగ్గరికి వచ్చెయ్యి," అంటూ పిల్ల నడుం మీద చేతులు తీయబోయాడు.

"వదలొద్దు!"

రమ్య గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. నాగేంద్ర ఉలిక్కిపడి పిల్లని పట్టుకునే ఉన్నాడు. అప్పటికే తేజు మోకాళ్ళు మడతపడ్డాయి. అతని చేతుల్లోంచి జారి, చాప మీద కూర్చుండిపోయింది. దెబ్బ తగల్లేదు. బూటు మీద చెయ్యి వేసి నొక్కింది. కీచుమంది.

"ఏంటి, అట్టా అరిచావు? పొద్దున నడిచిందిగా."

రమ్య బూట్ల వైపు చూసింది.

"నిద్రమత్తులో ఉందిరా," అంది వెంకటేశ్వరమ్మ. "మధ్యాహ్నం సరిగ్గా పడుకోలా."

నాగేంద్ర మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి చేతులు తీయలేదు, పట్టు కొంచెం సడలించాడు. మోకాళ్ళు మళ్ళీ మడతపడ్డాయి. అతను పిల్లని ఒళ్ళోకి తీసుకుని పిక్కలు నొక్కి చూశాడు.

"పొద్దున నడిచిన పిల్ల సాయంత్రానికి నిలబడలేకపోవడం ఏంటమ్మా?"

వీధిలో ఎవరో గేదెని అదిలిస్తున్నారు.

"ఎవరెవరికి పంచావు?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంది?"

"అరిసెలు ఎవరెవరికి పంచావని అడుగుతన్నా. అందరికీ పంచుంటావు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల వైపు ఎట్టా చూశారో నాకు తెలీదా? నడిచిందనేసరికి కళ్ళు కుట్టి ఉంటాయి. దిష్టమ్మా ఇది. గట్టి దిష్టి."

వెంకటేశ్వరమ్మ మొహంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. మునిగిపోయేదానికి కొమ్మ దొరికింది. "నేనూ అదే అనుకుంటన్నారా," అంది. "నోటితో అనకూడదని ఊరుకున్నా. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తే ఘాటు కూడా రాలేదు తెలుసా? అంత దిష్టి ఉంది. రేపు తాయెత్తు కట్టిద్దాం."

"రేపే కట్టిద్దాం."

"రేపు బ్రాడీపేట..." అంది రమ్య.

"బ్రాడీపేట ఎందుకింక? కాళ్ళు రాని పిల్లకైతే డాక్టరు. వచ్చిన కాళ్ళు దిష్టికి ఆగిపోతే డాక్టరేం చేస్తాడు?" నాగేంద్ర చాలా మామూలుగా అన్నాడు. అతనికి దారి దొరికింది, దిగులు పోయింది. పిల్ల తల మీద ముద్దు పెట్టుకున్నాడు.

రమ్య మొగుడినీ అత్తనీ మార్చి మార్చి చూసింది. ఒక అబద్ధం పొద్దున అరిసె అంత ఉండేది. మధ్యాహ్నానికి తను దానికి గోడ పెట్టింది, నవ్వు పెట్టింది. సాయంత్రానికి దానికి తాయెత్తు కూడా వస్తోంది. ఇంకో వారం ఊరుకుంటే పిల్ల నడిచి ఆగిపోయిందన్నదే నిజమై కూర్చుంటుంది. అప్పుడు డాక్టరు మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

భయం వేయాల్సిన చోట ఆమెకి భయం వేయలేదు. లెక్క తేలినట్టు అనిపించింది.

"నేను చూడలేదండీ."

"ఏంటి?"

"పాప నడవడం నేను చూడలేదు. అత్తయ్య కూడా చూడలేదు. పాప నడవలేదు."

నాగేంద్ర నవ్వబోయి ఆగాడు. తల్లి వైపు చూశాడు. వెంకటేశ్వరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"నువ్వేగా ఫోన్లో చెప్పింది. గోడ పట్టుకుని లేచిందని. గోడ వదిలేసిందని."

"చెప్పాను."

"నవ్వుకుంటా వచ్చిందన్నావు."

"అన్నాను."

"చూడకుండానే?"

"శివపార్వతక్క అరిసె పెట్టింది. అడుగుల అరిసె అంది. నేను తిన్నాను. మీరు చూశావా అని అడిగారు. చూశాననేశాను."

"నువ్వు ఫోన్లో ఏడ్చావు రమ్యా. సంతోషంతో ఏడ్చావు. చూడకుండా అంత సంతోషం ఎట్టా వచ్చింది నీకు?"

"వచ్చింది," అంది రమ్య.

"అదీ కోడలు నిర్వాకం!" అని అందుకుంది వెంకటేశ్వరమ్మ. "నేను పళ్ళెం పంచానే గాని, నాలుగడుగులేసిందని, నవ్విందని ఎవరికీ చెప్పలా. కథ అల్లింది నీ పెళ్ళామే. నన్ననేముందు అది తెలుసుకో."

"నిన్ను ఎవరేమన్నారమ్మా ఇప్పుడు?"

నాగేంద్ర పిల్ల కాళ్ళనుంచి బూట్లు విప్పాడు. ఒకటి విప్పుతుంటే కీచుమంది. రెండూ కవర్లో పెట్టి, కవరు మూతి ముడేశాడు. ఆ ముడి వేయడానికి చాలాసేపు పట్టింది.

"యార్డులో అందరికీ చెప్పాను," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఎల్లుండి మళ్ళీ సరుకు వెయ్యాలి. అడుగుతారు."

రమ్య ఎదురుచూసింది. ఇంక బ్రాడీపేట మాట అతనే ఎత్తుతాడనుకుంది. నిజం తెలిసింది కదా, ఇంక అడ్డేముంది?

అతను లేచి తీగ మీద చొక్కా తీసుకుని భుజాన వేసుకున్నాడు.

"ఆదివారం కానీ," అన్నాడు. "మార్టూరు వాళ్ళొచ్చి పోయాక చూద్దాం."

"డాక్టరుగారు రేపే వస్తారండీ."

"మళ్ళీ రాడా? నెల రోజుల్లో ఏమవుద్ది?"

"ఆలస్యం చేయొద్దని చెప్పారు."

"నేనేం చెయ్యను రమ్యా? తమ్ముడి పెళ్ళి. అమ్మ ఆల్రెడీ పంచేసింది. ఇప్పుడు పంచలేదని చెప్పలేం కదా!"

అని స్నానాల గది వైపు వెళ్ళిపోయాడు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. చెంబు మీద చెంబు, ఆపకుండా.

పంచలేదని చెప్పలేం. ఆ మాటే రమ్య చెవిలో ఉండిపోయింది. అతను ఏదో అన్నాడు గాని, ఆమెకి మాత్రం అది ఒక్కటే చేయదగ్గ పనిగా కనిపించింది.

పిల్లని చంకనేసుకుంది. చెప్పులు వేసుకోలేదు.

"ఎక్కడికే ఈ పూట?" అంది వెంకటేశ్వరమ్మ. రమ్య గేటు తీసుకుని వీధిలోకి దిగింది.

*

ఎదురింట్లో శివపార్వతి అరుగు మీద కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. కల్లం నుంచి వచ్చి స్నానం చేసినట్టుంది, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. అటూ ఇటూ అరుగుల మీద ఇంకొందరు ఆడవాళ్ళు. కరెంటు పోయిందేమో, అందరూ గాలికి బయటే ఉన్నారు.

"రా రమ్యా. ఏంటి, మధ్యాహ్నం అట్టా పరిగెత్తావు?"

"అక్కా, మా పాప నడవలేదు," అంది రమ్య.

శివపార్వతి చేట ఆగింది.

"మా అత్తయ్య పొరపాటున పంచింది. పాప ఇంకా నిలబడలేదు. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అందుకని చెప్తున్నా. అందరికీ చెప్పాలి, ఇంకా సుబ్బులత్త వాళ్ళింటికీ, చివరి ఇంటికీ పోవాలి."

పాఠం అప్పజెప్పినట్టు అంది. ఆ మాటలు అనడానికి ఎంతో ధైర్యం కావాలనుకుంది గాని ఏమీ అక్కర్లేకపోయింది.

శివపార్వతి చేట పక్కన పెట్టింది. "కూర్చో ముందు," అంది.

"కూర్చోను అక్కా."

"తెలుసమ్మా," అంది శివపార్వతి.

"ఏం తెలుసు?"

"నడవలేదని. తెలియకపోవడం ఏంటి రమ్యా? ఎదురుబొదురు ఇళ్ళు. నిన్న సాయంత్రం కూడా మీ అత్త ఎత్తుకునే ఉంది. పిల్ల కాళ్ళెట్టా వేలాడతాయో మాకు కనపడదా?" పక్క అరుగు మీద ఆడవాళ్ళు మాట్లాడటం ఆపేశారు. ఒకావిడ మొహం తిప్పుకుంది. "పొద్దున పళ్ళెం పట్టుకుని పిన్ని గుమ్మంలోకి వచ్చేసరికి నాకూ ఏమనాలో తోచలా. సంతోషం పిన్నీ అన్నా. తీసుకున్నా. అందరం అంతే."

"మరి నాకెందుకు పెట్టావు?"

"నీకు తెలుసనుకున్నా. అత్తా కోడళ్ళు కలిసే చేశారనుకున్నా. మాట కలుపుదామని, నీ మనసు నొప్పించకూడదని నేనూ అట్టాగే అన్నా." శివపార్వతి గొంతు తగ్గింది. "నువ్వు నవ్వుకుంటా పరిగెత్తావు చూడు, అప్పుడు అర్థమైంది నాకు. పిలుద్దామనుకున్నా. ఏమని పిలవను?"

రమ్య అలాగే నిలబడింది. ఇంట్లో అన్ని మాటలు, అన్ని చూపులు, అంత భయం. ఎవరి దగ్గర దాయాలని ఇదంతా? వీధి వీధంతా తెలిసే తిన్నది. నమ్మింది ఇద్దరే. తనూ, తన మొగుడూ.

"మరి తిన్నారే!"

వెనక గొంతు విని రమ్య తిరిగి చూసింది. వెంకటేశ్వరమ్మ వీధి మధ్యలో నిలబడి ఉంది. కోడల్ని వెనక్కి లాక్కుపోదామని వచ్చినావిడ, అంతా విన్నట్టుంది. కొంగు జారినా చూసుకోలేదు.

"బాగున్నాయన్నారు. పాకం కుదిరిందన్నారు. తెలిస్తే మరెందుకు తిన్నారే?"

"పెడితే తినకపోతే ఎట్టా పిన్నీ?" అంది శివపార్వతి.

వెంకటేశ్వరమ్మ అరుగుల వైపు చూసింది. ఒక్కొక్క మొహమే చూసింది. ఎవరూ ఎగతాళి చేయడం లేదు. చేసి ఉంటే ఆవిడకి నోరుంది, వీధి మొత్తానికి సమాధానం చెప్పగలదు. జాలికి సమాధానం ఎట్టా చెప్పాలో ఆవిడకి తెలియదు. పొద్దున్నుంచి ఎన్ని గుమ్మాల్లో జాలి పడి ఉంటారో అప్పుడు లెక్క వేసుకున్నట్టుంది, పెదాలు కదిలాయి.

చంకన ఉన్న తేజు కిందకి జారాలని గింజుకుంటోంది. రమ్య వంగి పిల్లని నేల మీద దించింది.

వీధిలో ఆ పిల్లని కింద దించడం అదే మొదటిసారి. ఎప్పుడు బయటికి తెచ్చినా చంక దిగనిచ్చేవాళ్ళు కాదు. తేజు కూర్చున్న చోటు నుంచి అటూ ఇటూ చూసింది. ఎడమ చెయ్యి నేలకి ఆనించి, పిర్రల మీద ముందుకి జరిగింది. ఆగి, మళ్ళీ జరిగింది. తర్వాత జోరు పట్టింది.

అలా జరగడం తేజు తనంతట తనే నేర్చుకుంది. మొదటిసారి వసారాలోంచి వంటింటి గడప దాకా వచ్చి తల్లి చీర కుచ్చెళ్ళు పట్టుకున్న రోజు ఇంట్లో రమ్య ఒక్కతే ఉంది. పొయ్యి మీద అన్నం మాడిపోయినా చూసుకోకుండా పిల్లని చుట్టి చుట్టి ముద్దాడింది. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే వెక్కిరిస్తారని కాదు. దానికి ఏ పిండివంటా లేదు. పేరే లేని సంతోషాన్ని ఏమని చెబుతుంది?

"అబ్బో, ఏం జోరే!" అంది పక్క అరుగు మీద నుంచి ఎవరో.

"ఎత్తుకో," అంది వెంకటేశ్వరమ్మ. "ఎత్తుకోవే, అందరూ చూస్తన్నారు."

"చూడనీయండి అత్తయ్యా. తెలియనిదేముంది?"

"మట్టి."

"కడుగుతాను."

వెంకటేశ్వరమ్మ తనే ఎత్తుకోబోయి రెండడుగులు వేసి, ఎందుకో ఆగిపోయింది.

"రేపు మొదటి బస్సుకి పోతన్నాను," అంది రమ్య. గొంతు పెంచలేదు. "ఆయన వస్తే వస్తారు. లేకపోతే నేనే పోతాను."

వెంకటేశ్వరమ్మ చూపు కోడలి మీద లేదు, మనవరాలి మీదా లేదు. రమ్య ఆ చూపు వెంట తల తిప్పింది.

నాగేంద్ర గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తల తడిగా ఉంది, తువ్వాలు చేతిలోనే ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. అరుగుల మీద ఉన్న వాళ్ళంతా ఇప్పుడు అతని వైపే చూస్తున్నారు.

తేజు తండ్రిని చూసింది. చూడగానే మొహం విప్పారింది. వీధి దుమ్ములో పిర్రల మీద జరుగుతూ, నవ్వుకుంటూ, సూటిగా అతని వైపే బయల్దేరింది.

నాగేంద్ర కదల్లేదు. పిల్ల వస్తూనే ఉంది.